పదకొండు వరుసలు

"యుద్ధపు చందా ఎవరూ ఇయ్యద్దని రాసిన కాగితమిది. ఓర్వకల్లు చావడి గోడకు అంటించినారు. దీని అచ్చరాలు నా ముందర మళ్లా ఒకసారి పేర్చప్పా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇంకో మాట లేకుండా కాగితాన్ని టైపు పెట్టె మీద పెట్టి, తలుపు మూయించాడు. జ్ఞానరాజు సిరా చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

అది నలభై మూడో సంవత్సరం ఎండాకాలం. కర్నూలులో రామకోటయ్య ప్రెస్సంటే నూనె డబ్బాల లేబుళ్లకూ, బట్టల అంగళ్ల నోటీసులకూ, మహానంది తిరునాళ్ల వాల్‌పోస్టర్లకూ పేరు. సర్కారు మీద కాగితాలు వేసే ధైర్యం ఆ షావుకారుకు ఏడు జన్మలెత్తినా రాదు. ఆయనిప్పుడు బయట వరండాలో జవాను పక్కన కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. పాపం, ఆయనకేమీ తెలియదు. ఆయన ఇంటికి పోయి భోంచేసి కునుకు తీసే రెండు గంటల్లో ఆ కాగితాన్ని అచ్చేసింది కంపోజిటరు జ్ఞానరాజే.

ఇరవై ఏళ్లుగా అక్షరాలు పేర్చి బతుకుతున్న మనిషి. అడిగినవాళ్లు మంచివాళ్లు, అడిగిన పని న్యాయమైంది. సరేనన్నాడు. దొరికితే జైలేనని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

టైపు గురించి అతనికి బెంగ లేదు. ఆ కాగితం వేసిన పాత టైపును, అరిగిపోయిందని, పోయిన వారమే మూటగట్టి మద్రాసుకు కరిగించడానికి పంపేశారు. బెంగంతా చేతుల మీదే. కొత్త కాగితమైతే కంపోజిటరు ప్రతి వరుసకూ దాని మీదికి వంగుతాడు. ముందే తెలిసిందైతే వంగడు, చేయి దానంతటదే టైపు పెట్టె గళ్లలోకి పోతుంది. ఈ సంగతి పోలీసువాళ్లకేం తెలుస్తుందిలే అనుకున్నాడు.

"మా మేనమామది కూడా ప్రెస్సేనప్పా. చిన్నప్పుడంతా ఆడనే తిరిగినా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నీ చేతులే చూస్తాంటా. కానియ్."

ఎంత ఖర్మ! కర్నూలుకంతా ఇతనొక్కడే దొరికాడా?

చేతుల బెంగకు తోడు రాహేలమ్మ బెంగ ఒకటి. భార్య. అదే ప్రెస్సులో, జ్ఞానరాజు పక్కనే కూర్చుని లేబుళ్లు ఎంచి కట్టలు కడుతుంది. ఈ పూట చెల్లెలు ఏసుమణికి కాన్పని పోయింది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానంది. ఆమె వచ్చేలోగా ఈ గండం గడిచిపోవాలి. తను జైలుకు పోతే పోయాడు, ఆమె మాత్రం ఇందులో చిక్కుకోకూడదు. ప్రభువా, ఇంకాసేపు ఆమెను అక్కడే ఉంచు అని లోలోపల ప్రార్థించుకున్నాడు.

అక్షరాలు పేర్చుకునే ఇనప స్టిక్కును ఎడమచేతిలోకి తీసుకున్నాడు. కాగితం మీదికి వంగాడు. ఆగాడు. గళ్లలోంచి ఒక్కొక్క అక్షరమే తీసి, దాని పక్కనుండే చిన్న గాడిని బొటనవేలితో తడిమి, స్టిక్కులో నిలబెట్టాడు. ఒక వరుస అయింది. మళ్లీ వంగాడు.

"ఏమప్పా, ఇంత నిదానమా?"

"కొత్త కాగితం గదయ్యా."

నాలుగో వరుసలో కావాలనే ఒక అక్షరం తప్పు పెట్టాడు. వరుస చివరిదాకా పోయి, నాలుక చప్పరించి, వెనక్కి వచ్చి దిద్దుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు. వెనక బూట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అవి ఆగినప్పుడల్లా అతని గుండె కూడా ఆగుతోంది. సిగరెట్టు వాసన మెడ మీదికే వస్తోంది. మూసిన గదిలో గాలి కదలడం లేదు. పారిపోదామన్నా ఉన్నది ఆ ఒక్క తలుపే.

పదకొండు వరుసలూ అయ్యాయి. సిరా రాసి, కాగితం పరిచి, ప్రూఫు తీసి ఇచ్చాడు.

 రెండు కాగితాల గలగల తప్ప ఏమీ వినబడలేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒక్కసారి అయిపోతే బాగుండు, ఏదో ఒకటి, అనిపించింది జ్ఞానరాజుకు.

"పదకొండు వరుసలూ పొల్లు పోకుండా దించినావు," అన్నాడు ఇన్‌స్పెక్టరు చివరికి. "మాటలు అవే గాని టైపు అది కాదు. దాంట్లో అచ్చరాలు అరిగి ఉండాయి, మీవి కొత్తవి. కాగితం చూడకుండా పేర్చినావా అంటే, అదీ ల్యా. ఈ ప్రెస్సు కాదులే."

అప్పటికి ఊపిరి వదిలాడు జ్ఞానరాజు. పెట్టెను పట్టుకుని నిలబడ్డాడు.

"ఠాణాకొచ్చి ఒక సంతకం చేసి పో. అంతే." ఇన్‌స్పెక్టరు తలుపు తీసి జవానును పిలిచాడు. జవాను వచ్చి జ్ఞానరాజు రెట్ట పట్టుకున్నాడు. వాళ్లకు మనిషిని మామూలుగా తీసుకుపోవడం చేతకాదు, ఏ పనికైనా రెట్టే పట్టుకుంటారు.

గడప దాటబోతుండగా ఎదురుగా రాహేలమ్మ గొంతు వినబడింది.

"ఈయప్పను యాడికి తీసుకపోతాండారయ్యా?"

"పొయ్యొస్తాలే, ఏమీ ల్యా. నువ్వు ఇంటికి పో," అన్నాడు జ్ఞానరాజు గబగబా.

ఆమె వింటేనా! చేతిలోని సద్దిమూట అక్కడే పడేసి, ఏడుస్తూ ఇన్‌స్పెక్టరు కాళ్ల మీద పడింది.

"ఇడిసిపెట్టండయ్యా, మా షావుకారుకు కూడా తెలీకుండా దాచిపెట్టినాం గాని, ఈయప్పకు కండ్లు పోయి రెండేండ్లాయె, కాగితంలో ఉండేది నేను పక్కన కూసోని చదివి చెప్తే తప్ప ఒక్క అచ్చరం పేర్చలేడు."