సమజ్ గాని చట్టం

“మేడం, ఆ ఆఖరి ముక్క మళ్లొక్కసారి చదువుర్రి. నాకు సమజ్ గాలే,” అన్నాడు నర్సింగ్, మైకు వదలకుండా.

వేదిక మీద అరుణాదేవి నీళ్లు తాగి కళ్లద్దాలు సర్దుకుంది. పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని మార్చాలా వద్దా అని చూస్తున్న బృందానికి ఆమె పెద్ద. ఫ్యాక్టరీల పక్క ఊళ్లవాళ్లు ఏమంటారో విందామని నిన్న హత్నూర దగ్గరి ఈ ఊరికి వచ్చింది. నిజానికి నిన్ననే ముగియాల్సిన సభ ఇది.

వెనక వరసలో, ఊరి పక్క కంపెనీ మేనేజరు మహేంద్రకు చెమటలు పడుతున్నాయి. పొద్దుటి నుంచి బాసు ఫోను మీద ఫోను.

“అధికారులు ఊళ్లో ఉన్నంతసేపూ బాయిలర్ ఆపుకొని కూర్చోవాలా? సాయంత్రానికి సభ ముగించు. లేకపోతే రేపు నీ సీట్లో ఇంకొకడుంటాడు.”

చప్పట్లకని మహేంద్ర బస్సులో మనుషుల్ని తెచ్చాడు గానీ, ఎవరికి కొట్టాలో చెప్పడం మరిచిపోయాడు. వాళ్లు నర్సింగ్ లేచినప్పుడల్లా కొడుతున్నారు.

మధ్యాహ్నం బిర్యానీ దగ్గర మహేంద్ర ముసలి నర్సింగ్‌ని పట్టుకున్నాడు.

“తాతా, నీకేం గావాలె? జెర చెప్పరాదు.”

“చట్టం సమజ్ గావాలె.”

“నిన్నటి సంది చదువుతనే ఉన్నరు గదా!”

“నిన్నటిది ఇయ్యాల యాదికుంటలేదు బిడ్డా. ముసలోణ్ణయితి. ఇంకో ముక్క ఉంటే ఎయ్యమను.”

మహేంద్ర తనే ముక్క తెచ్చి వేశాడు. గొంతు తగ్గించి బతిమాలాడు.

“ఒక పని చెయ్యి. మైకు పట్టుకొని మా కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టు. నేనేమనుకోను. వాళ్లు రాసుకుంటరు, పోతరు.”

“తిట్టేటందుకు గూడ సమజ్ గావాలె గద,” అన్నాడు నర్సింగ్ ఎముక చప్పరిస్తూ.

భోజనాలయ్యాక సైకిల్ షాపు అజీజ్ లేచాడు.

“మేడం, మాకు ఉర్దూల చదివి చెప్పుర్రి.”

మహేంద్ర ఆగలేకపోయాడు. “అజీజ్ భాయ్, నీకు తెలుగు రాదా? మొన్న నాతోని గంటసేపు లొల్లి పెట్టుకున్నవు గదా!”

“లొల్లికి సరిపోయేంత వస్తది సాబ్. చట్టానికి చాలది.”

బస్సులో వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. అరుణాదేవి వెంట వచ్చిన చిన్న ఆఫీసరు ఇమ్తియాజ్ మొదటి నుంచి ఉర్దూలో చదవడం మొదలుపెట్టాడు. అజీజ్ మధ్యమధ్యలో ఆపి, అర్థం తెలుగులో అడుగుతున్నాడు.

ఎండ వాలింది. ఇక అయిపోయిందని మహేంద్ర ఊపిరి పీల్చుకునేలోగా అజీజ్ భార్య ఖమరున్నీసా మైకు అందుకుంది.

“గిన్ని మంది మొగోళ్ల ముంగట మేమెట్ల మాట్లాడ్తం మేడం? మాకు సిగ్గయితది. ఆడోళ్లకు రేపు అలగ్ మీటింగ్ పెట్టుర్రి.”

ఆమె సిగ్గు రోడ్డు అవతల టీ కొట్టు దాకా వినిపించింది.

అరుణాదేవి ఆ మాట కాగితం మీద రాసుకుంది. తల ఎత్తేసరికి ఆమె కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

“ఇన్నేళ్ల సర్వీసులో ఒక చట్టం మీద జనానికి ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు. తప్పకుండా. రేపు కూడా ఇక్కడే ఉంటాం.”

ఈసారి ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. మహేంద్ర జేబులో ఫోను మోగుతూనే ఉంది. తీసే ధైర్యం లేక నేరుగా నర్సింగ్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

“నా నౌకరీ పాయె తాతా. గా చట్టం మొత్తం సమజైతే మాత్రం నీకొచ్చేదేంది?”

వినబడనట్టే నర్సింగ్ ఫోను తీసి ఇంటికి కొట్టాడు.

“సుమిత్రా, ఇయ్యాల రాత్రి గూడ మంచాలు వాకిట్లనే ఎయ్యి, పొగ రాదు.”