పంతం పట్టిన బోల్టు

రోకలి కోసం యశోద వంటిల్లంతా వెతికింది. చివరికి వాకిట్లో మొగుడి చేతిలో కనిపించింది. బాలనర్సింహ దాంతో స్కూటర్ ఇంజన్ బోల్టును ఠంగు ఠంగుమని కొడుతున్నాడు.

"అది మసాలా దంచే రోకలయ్యా," అంది.

"బోల్టు రాంగనే కడిగిస్త," అన్నాడు తలెత్తకుండా.

శాలిబండలో నలభై ఇళ్లకు పాలు పోసే స్కూటర్ అది. పొద్దున పాలు పోసి వచ్చేటప్పుడు కూడా బాగానే నడిచింది. ఆదివారం పూట హాయిగా తిని పడుకోక, ఉన్నట్టుండి ఇంజన్ మూత విప్పాలని ఈయనకు ఎందుకు పుట్టిందో ఆ మల్లన్నకే తెలియాలి. నాలుగు బోల్టులు చెప్పిన మాట విన్నాయి. ఐదోది మాత్రం ఉడుంపట్టు పట్టింది.

కొబ్బరినూనె పోశాడు. దాని మీద మరిగే నీళ్లు పోశాడు. స్పానర్ పొడవు చాలట్లేదని పాత నల్లా పైపు ముక్క దానికి తొడిగి, గోడకు కాలు తన్నిపెట్టి లాగాడు. స్పానర్ జారి మనిషి వెల్లకిలా పడ్డాడే తప్ప బోల్టు వెంట్రుకవాసి కదల్లేదు.

యశోదకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. ఇలాంటి బోల్టులు విప్పుతూ బతికే మెకానిక్ ఆమె సొంత తమ్ముడే. రామలింగం ఉండేది మాదన్నపేటలో, బండి మీద పది నిమిషాలు. కానీ పిలిచేదెట్లా? బోనాల నాడు మాటా మాటా పెరిగి బావా బామ్మర్దులు చుట్టాలందరి ముందూ ఒట్లు పెట్టుకున్నారు. అక్క ఇంటి నుంచి పిలుపు రానిదే ఆ గడప తొక్కనని రామలింగం అన్నాడు. వాడు తన గడప తొక్కి బొట్టు పెట్టించనిదే వాడింటికి పోమని బాలనర్సింహ అన్నాడు. ఇద్దరూ ఇద్దరే.

తెల్లారితే జల్‌పల్లిలో రామలింగం కొత్తింటి గృహప్రవేశం. ఆడబిడ్డగా ఆ ఇంట్లో పాలు పొంగించాల్సింది యశోద. బొట్టు పెట్టి పిలవందే, పిలవని పేరంటంలా ఏ ముఖం పెట్టుకుని పోతుంది? నెల రోజుల నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

బాలనర్సింహ రెండోసారి పడ్డాక ఆమె ఇక ఆగలేకపోయింది.

"తమ్మునికి ఫోన్ చేస్తనయ్యా."

"నేనైతే పిలువ."

"నువ్వు పిలువకు. నేను పిలుస్త. పొద్దుగాల పాలు ఎట్ల పోస్తవ్ మరి?"

బాలనర్సింహ మోచేతి దుమ్ము దులుపుకున్నాడు. "నీ తమ్ముడు, నీ ఇష్టం. నన్ను నడుమల తేకు."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. మనసు మారకముందే గబగబా ఫోన్ కొట్టింది. బోల్టు సంగతి సగం చెప్పిందో లేదో, వస్తున్నానన్నాడు రామలింగం.

అన్నట్టే పది నిమిషాల్లో దిగాడు. వెనక భార్య రూప కూడా దిగింది. ఒంటి మీద పట్టుచీర, చేతిలో కుంకుమ భరిణ. ఎట్లాగూ వస్తున్నాం కదా అని తెచ్చానంటూ వదిన నుదుట బొట్టు పెట్టి, తెల్లారి పాలు నువ్వే పొంగించాలని పిలిచింది. యశోద రూపను గట్టిగా వాటేసుకుంది. నెల రోజుల బరువు ఒక్క బొట్టుతో దిగిపోయింది.

మగవాళ్లు మాత్రం ముఖముఖాలు చూసుకోలేదు. రామలింగం ఇనుప చువ్వను గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి తెచ్చి బోల్టు తలకు ఆనించాడు. ఏదో కాలిన వాసన గుప్పుమంది. తర్వాత పైపును ఇద్దరూ కలిసి పట్టారు. బావ లాగాడు, బామ్మర్ది తోశాడు. బోల్టు కిర్రుమని తిరిగింది, ఇద్దరూ ఒకరి మీద ఒకరు దభీమని పడ్డారు. పడ్డవాళ్లు లేవకుండా అక్కడే పగలబడి నవ్వారు. చూస్తున్న ఆడవాళ్లకూ నవ్వాగలేదు.

ఇద్దరినీ కలిపిన ఆ బోల్టుకు యశోద మనసులోనే దండం పెట్టి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. కప్పులతో తిరిగి వస్తుంటే, తలుపు పరదా అవతల తమ్ముడు గొంతు తగ్గించి మొగుడితో అంటున్న మాట చెవిన పడింది.

"బోల్టుకు ఒక్క చుక్క గమ్ము పెట్టుమని చెప్తి గద బావా, ట్యూబంత పిండినవేంది?"