పెడళ్ల మీది చెక్కముక్కలు

"ఏ బుద్ధిలేనివాడి పనో ఇది," రిపేరాయన కోపం ఇంకా చల్లారలేదు. "బంగారంలాంటి స్టీల్ గిటార్. కాలితో తొక్కే పెడళ్లకి చెక్కముక్కలు బిగించాడు. మోకాలితో నెట్టే మీటని ఇష్టమొచ్చినట్టు వంచేశాడు. ఏ కంపెనీదో తేల్చడానికే నాకు నెల పట్టింది. ఆ చెత్తంతా పీకేసి, కొత్తలో ఎలా ఉందో అలా చేశాను."

"మాట జాగ్రత్త," అంది కూతురు, చేతిలోని పాత రికార్డు అట్ట చూపిస్తూ. "అది మా నాన్నది. ఈ బొమ్మ ఆయనదే."

"ఆయన పొట్టివారా?"

"ఆరడుగుల మనిషి."

"మరి పెడళ్లు ఎత్తు చేయాల్సిన ఖర్మేంటి?"

తోడుగా వచ్చి మూల కూర్చున్న తల్లి లేచింది. కూతురి భుజం దాకా కూడా రాదు. గిటార్ ముందున్న స్టూలెక్కి, ఇనుప కడ్డీని తీగల మీద ఆనించి ఒక్కసారి మీటింది. చెయ్యి తడుముకోలేదు. పెడల్ కోసం కాలు చాచింది. అందలేదు. పాదం బెత్తెడు పైన గాలిలో ఆగిపోయింది.

"అమ్మా, నీకిది వచ్చా?"

తల్లి కూతురి వైపు చూడలేదు.

"ఆ బుద్ధిలేనిదాన్ని నేనే బాబూ. స్టూడియోలో వాయించింది నేను. ఆడదాని బొమ్మ వేస్తే రికార్డులు అమ్ముడుపోవని దీని నాన్న తన బొమ్మ వేయించుకున్నాడు. వాయించింది నేనని చెప్పడానికి మిగిలినవి ఆ చెక్కముక్కలే. అవీ నువ్వు పీకేశావు."



కూతురు రికార్డు అట్టని బల్ల మీద బోర్లించింది.

"ఆ ముక్కలు పారేసిన చెత్తబుట్ట ఎక్కడుంది?" అంది.