ఏమండీ

అందరి చెవుల్లోనూ ఉండే అనువాదపు బిళ్ళను, చెవికి చీము పట్టిందని డాక్టరు నాకు తీసేశాడు. ఒడియా భార్య సస్మిత మాట ఒక్కటీ అర్థం కాలేదు. ఉప్పు డబ్బాకు ‘లుణ’, నీళ్ళ బిందెకు ‘పాణి’ అని చీటీలు అంటించి పిచ్చివాడిలా వల్లించాను. ఆమె వచ్చి ‘శుణుఛ’ అనేది. ఏ చీటీలోనూ ఆ మాట లేదు. మూడు రోజులుగా అదీ మానేసింది.

పక్కింటి పోలమ్మత్తకు ఒడియా వచ్చు.

“శుణుఛ అంటే ఏటత్తా?”

“వింతన్నావా అని.”

“వింటున్నాననాలంటే?”

“శుణుఛి.”

పెళ్ళయిన ఈ తొమ్మిదేళ్ళూ ఆ మాటను బిళ్ళ నాకు ‘ఏమండీ’ అని వినిపించింది. ఫోను చూస్తూ ‘ఊఁ’ అనేవాణ్ణి.

ఇంటికి పరుగెత్తాను.

“శుణుఛి,” అన్నాను.

సస్మిత ఫోనులోంచి తల ఎత్తలేదు.

“ఊఁ,” అంది.