పక్కగదిలో ప్రత్యర్థి

కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. కరాటే మాస్టారికి మెల్లగా అర్థమైంది, క్లాసులు జరిగే భవనం కూలి నేలమాళిగలోకి దిగబడిందని. నడుము మీద సిమెంటు పెళ్ళ. నోటినిండా సున్నం. చెయ్యి చాపితే తగిలేది ఒక్కటే, గోడలోంచి పొడుచుకొచ్చిన పాత నీళ్ళ గొట్టం.

ఆ గొట్టంలోంచి బావమరిది గొంతు వినబడింది.

"బావా, పలుకు."

మాస్టారు పలికాడు. నొప్పి కూడా తెలియడం లేదనీ, నిద్ర ముంచుకొస్తోందనీ, తనని కాసేపు వదిలెయ్యమనీ చెప్పాడు. మొండితనానికి పేరుపడ్డ మనిషే. కానీ ఆ నిద్ర అంత తియ్యగా ఉంది.

గొట్టంలోంచి ఏడుపు మొదలైంది.

"నేనూ ఇరుక్కుపోయాను బావా. పక్కగదిలో. కాలిమీద దూలం పడింది. నన్నొదిలేసి నిద్రపోతావా?"

మాస్టారి మగత ఎగిరిపోయింది. పాపం, భవనం కూలే ముందు చాపలు మోసుకుంటూ తన వెనకాలే మెట్లు దిగుతున్నాడు. వేలికి ముల్లు గుచ్చుకుంటే వీధంతా చాటింపు వేసే రకం. ఇన్నేళ్ళు నేర్పినా పసుపు బెల్టు దాటలేదు. వాడిప్పుడు నిద్రలోకి జారితే ఇక లేవడు. ఇంటికెళ్ళి వాళ్ళక్కకి ఏ మొహం చూపించాలి?

"ఏడవకురా. ఆట ఆడదాం, రా," అన్నాడు.

రోజూ క్లాసయ్యాక ఇద్దరూ ఆడుకునేదే. గళ్ళ పలక మీద చెరో గురువు, గురువుకి అటూ ఇటూ శిష్యులు. చేతిలో జంతువుల చీట్లు. పులి ముందుకు దూకిస్తుంది, పీత పక్కకి నడిపిస్తుంది. ఏ చీటీతో కొట్టామో, ఆ చీటీ తర్వాత ఎదుటివాడి చేతికే పోతుంది. గురువు దొరికిపోతే ఆట ముగిసినట్టే. ఇప్పుడు పలకా లేదు, చీట్లూ లేవు. అంతా నోటితోనే.

బావమరిది ఆట ఎప్పటిలాగే అడ్డదిడ్డం. చచ్చిన శిష్యుణ్ణి నడిపించేవాడు. చేతిలో లేని చీటీ వేసేవాడు. మాస్టారు కసురుతూ సరిదిద్దేవాడు. మధ్యమధ్య వాడు ఏవేవో అడిగేవాడు. నీ తల ఏ వైపుంది, పైన దూలం ఎటు వాలింది, శిథిలాలు తవ్వే మిషను చప్పుడు ఏ చెవికి బాగా వినిపిస్తోంది అని. భయస్తుడికి మాటలే తోడు అనుకుని మాస్టారు ఓపిగ్గా అన్నీ చెప్పాడు.

ఒక్కోసారి ఎంతకీ జవాబు వచ్చేది కాదు. మాస్టారు కంగారుగా ఇటుకముక్కతో గొట్టాన్ని బాదేవాడు. "ఉన్నాలే బావా, ఆలోచిస్తున్నా," అనేది గొంతు.

పైనుంచి దుమ్ము రాలుతోంది. పెళ్ళ ఇంకాస్త కిందికి దిగింది. ఊపిరి సగమే అందుతోంది.

ఆటలో మాత్రం గెలుపు ఎదురుగా నిలబడింది. పులి చీటీతో ఒక్క దూకు, బావమరిది గురువు పని సరి. కానీ ఆట అయిపోతే వాడు పడుకుంటాడు. మాస్టారు పులిని చేతిలోనే ఉంచుకుని, పీత వేసి పక్కకి తప్పుకున్నాడు. చేతికందిన గెలుపుని వదులుకోవడం ఆయనకి అదే మొదలు.

"బావా, నీ వంతు."

"తెలుసు."

"తెలిస్తే చెప్పు. ఏ చీటీ?"

పెదవులు కదలడం లేదు. వాడు వింటున్నాడు, వాడికోసమైనా చెప్పాలి.

"కొంగ," అన్నాడు మాస్టారు, ఉన్న ఊపిరంతా పోగుచేసుకుని.

అప్పుడే తలపైన ఇటుకలు కదిలాయి. సన్నటి వెలుగు కళ్ళలో గుచ్చుకుంది. కన్నం పెద్దదైంది. ఫైరింజను మనుషులు పెళ్ళ ఎత్తి, ఆయన భుజాల కింద చేతులు వేశారు. మాస్టారు ఆ చేతుల్ని తోసేశాడు.

"నేను ఆగగలను. ముందు పక్కగదిలో వాణ్ణి తియ్యండి. వాడు తట్టుకోలేడు."

వాళ్ళు ఆయన్ని పైకి లాగారు. వీధిలో, మండుటెండలో, గొట్టం పైచివర నోరానించి బోర్లా పడుకుని ఇంకా పిలుస్తూనే ఉన్నాడు, ఒంటిమీద గీతైనా పడని బావమరిది.