తీగల వంతెన మీది బాట

"జర ఆగు బిడ్డా. ఈ బల్ల కదులుతున్నది."

వంతెన నడుమ గొంతుక్కూర్చుని మేకు కొడుతున్న స్వామిదాసు చెయ్యి అడ్డం పెట్టాడు.

నీలవేణి అవతలి ఒడ్డు వైపు చూసింది. చేవెళ్ల బస్సు రేపిన దుమ్ము కనిపిస్తోంది.

"బస్సు పోతది పెద్దయ్యా. ఇయ్యాల నాకు హైటెక్ సిటీల ఇంటర్వ్యూ ఉన్నది."

"రెండు మేకులే. దిగినంక పో."

కింద తాటిచెట్టంత లోతులో వాగు. రెండు ఒడ్లనూ కలుపుతూ ఇనుప తీగలకు వేలాడే ఆయిలు పైపు. దాని పక్కనే మనిషి పట్టేంత చెక్కబాట. ఊరివాళ్లకు బస్సు అందాలంటే అదే దారి.

రెండో మేకు దిగేసరికి బస్సు వెళ్లిపోయింది.

"ఎప్పుడు చూసినా ఇదే. జనం లేనప్పుడు చేస్కోరాదు నీ డ్యూటీ? మీ పైపు కంపెనీకి కంప్లెయింట్ ఇస్త."

స్వామిదాసు చిన్నగా నవ్వాడు.

"ఇయ్యి బిడ్డా. గిప్పుడైతె పైలంగ పో."

మొయినాబాద్ దాకా ఆటోలో పోయి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని, గంట ఆలస్యంగా చేరింది నీలవేణి. అయినా ఉద్యోగం వచ్చింది. మాదాపూర్ హాస్టల్లో చేరింది.

ఏసీ గదిలో కూర్చున్నప్పుడు ఆ వంతెన తరచూ గుర్తుకొచ్చేది. ఎండకు వేడెక్కిన పైపు మీద చెయ్యి ఆనించి నడవడం, వాగు గాలికి చున్నీ ఎగరడం, వెనక నుంచి స్వామిదాసు "ఉరుకకు బిడ్డా" అనడం. పట్నంలో ఆ మాట అనేవాళ్లు ఎవరూ లేరు.

ఈసారి పోయినప్పుడు ఆయనతో నాలుగు మాటలు మాట్లాడాలి అనుకునేది. ఊరికి క్యాబులో చుట్టు దారిన పోయి, పొద్దుగూకక ముందే తిరిగొచ్చేది.

ఆరేళ్లు గడిచాయి.

ఒక ఆదివారం ఊరికొచ్చి, తల్లిని వెంటబెట్టుకుని వంతెన దగ్గరికి నడిచి వెళ్లింది. సగం బల్లలు లేవు. ఉన్నవీ పుచ్చిపోయాయి.

"స్వామిదాసు పోయి రెండేండ్లాయె. గప్పటి నుంచి గిట్లనే ఉన్నది," అంది తల్లి అంతమ్మ.

మర్నాడు సెలవు పెట్టి, షాబాద్ దారిలోని పైపులైను ఆఫీసుకు వెళ్లింది నీలవేణి.

"స్వామిదాసు పోయాక వంతెనను ఎవరూ పట్టించుకోవడం లేదు సార్. ఆయన జాగాలో ఇంకొకరిని పెట్టండి."

"ఏ స్వామిదాసు?" అన్నాడు ఆఫీసరు.

"మీ కంపెనీ మనిషే. బల్లలు బాగుచేసేవాడు."

ఆఫీసరు బీరువాలోంచి వంతెన డ్రాయింగు తీసి టేబులు మీద పరిచాడు.

"ఇవి స్తంభాలు. ఇవి తీగలు. ఇది పైపు. మా వంతెనకు నడిచే బాటే లేదమ్మా."

నీలవేణి పైపు గీత పక్కన వేలితో వెతికింది; బాట గీత ఎక్కడా లేదు. సాయంత్రానికి స్వామిదాసు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన భార్య విమలమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది.

"అవ్వా, పెద్దయ్య కంపెనీల ఎన్నేండ్లు చేసిండు?"

విమలమ్మ తలెత్తింది.

"కంపెనీ ఎక్కడిది బిడ్డా, ఇంటింటికీ మంచాలు చేసెటోడు, పిల్లలు బడికి పోవుటానికి పైపు మీద కూసోని జరుక్కుంట వాగు దాటుతుంటె చూడలేక, బతికినన్ని రోజులు ఆ బాట ఆయనే ఏసిండు."