గడ్డ మటుకే

ఆటో దిగుతున్న ఎస్తేరు చేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

ఒక ముసలామె. నలిగిన నూలు చీర, చేతులకు గాజులు లేవు. ఆసుపత్రి గేటు పక్క నీడలోంచి గబగబా వచ్చింది. ఎస్తేరు చంకలోని స్కానింగ్ కవరు వైపు చూసింది.

"గడ్డలా పాపా?"

ఎస్తేరు బిత్తరపోయింది. "అవునవ్వా. గర్భసంచిలో అంట."

శింగనమల వైపు పల్లె ఎస్తేరుది. వాన మొహం చూడని వేరుశనగ చేలో కలుపు తీస్తూ, నెత్తురు పోయి కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు బయటపడ్డాయి గడ్డలు.

"పిల్లోల్లు?"

"ఇంకా కాలేదు."

ముసలామె పట్టు బిగిసింది. "అయితే ఈడికి ఎందుకొచ్చినావు? ఈడ సంచే తీసేస్తారు. లోపలికి పోవద్దు."

"ఎవరమ్మా నువ్వు? చేయి వదులు!" అంటూ ముత్యాలప్ప ఊడిపడ్డాడు.

వాళ్ళ ఊళ్ళో సూదిమందు వేసేది ముత్యాలప్పే. జ్వరమొచ్చినా, తేలు కుట్టినా అతనే డాక్టరు. రోగం ముదిరితే అనంతపురం తీసుకొచ్చి, దగ్గరుండి చూపించి, మళ్ళీ ఇంటి దగ్గర దించేదీ అతనే. అందుకే ఊరికి అతనంటే గురి.

ముసలామె అతని వైపు చూడనైనా చూడలేదు.

"పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించుకో పాపా. నా కూతురికీ ఇట్లే ఉండె. కడుపు కోయకుండా, సన్న బొక్కలు పెట్టి గడ్డ మటుకే తీసినారు. కొందరికైతే అదీ వద్దంట. నరంలో సన్న గొట్టం పంపి, గడ్డకు నెత్తురు పోకుండా ఆపేస్తే అదే కుంచించుకపోతాదంట. సంచి సంచిలాగే ఉంటాది. నా కూతురు ఆ తర్వాతే బిడ్డను కనింది."

"నిజమా అవ్వా?" ఎస్తేరు గొంతులో ఆశ.

ముత్యాలప్ప నవ్వాడు. "ఏమప్పా ప్రతాపూ, చూసినావా? అనంతపురంలో గేటుకొక ఏజెంటు. మనల్ని ఇంకో ఆసుపత్రికి తోలితే ఆయమ్మకు కమిషను."

ఎస్తేరు భర్త ప్రతాప్‌కు ఒళ్ళు మండింది. బస్టాండు నుంచి వచ్చేలోపు ఇట్లాంటి వాళ్ళు ఇద్దరు తగిలారు.

"ఈ వయసులో నీకీ పనేందవ్వా? దేవుడు చూస్తాంటాడు."

"చూడనీ నాయనా."

ప్రతాప్ ఆమె వేళ్ళను ఒక్కొక్కటీ విడదీశాడు. వాచ్‌మన్ మార్కండేయ మీద ఎగిరాడు. "ఇట్లాంటోళ్ళను గేటుకాడ పెట్టుకున్నావే, నీకూ భాగముందా అన్నా?"

మార్కండేయ తల దించుకున్నాడు.

లోపల డాక్టరు స్కానింగ్ కాగితాలు తిరగేశాడు.

"పెరుగుతున్నాయి. క్యాన్సర్ కూడా కావచ్చు. సంచి తీసేద్దాం."

ఎస్తేరు ధైర్యం చేసింది. "గడ్డ మటుకే తీసేకి కాదా సార్?"

"ఎవరు చెప్పారు?"

"గేటుకాడ ఒక ముసలామె సార్" అన్నాడు ముత్యాలప్ప.

డాక్టరు మొహం మాడిపోయింది.

"అట్లా తీస్తే మళ్ళీ వస్తాయి. తర్వాత మీ ఇష్టం."

బయటికొచ్చాక ప్రతాప్ కళ్ళు తుడుచుకున్నాడు. "బిడ్డ లేకపోతే లేకపోనీ ఎస్తేరూ. నువ్వుండాల నాకు."



మరుసటి రోజే ఆపరేషన్ అయిపోయింది.

కుట్లు విప్పిన నాడు నర్సు నవ్వుతూ రిపోర్టు తెచ్చింది. "క్యాన్సర్ లేదన్నా! ఉత్త గడ్డలే."

"ఉత్తవైతే... గడ్డ మటుకే తీసుండొచ్చు కదక్కా?" అన్నాడు ప్రతాప్.

నర్సు నవ్వు ఆగిపోయింది. "అట్ల చేసేటోళ్ళు ఉండారన్నా. ఈడ చేయరు."

ఎస్తేరు గోడ వైపు తిరిగింది.

"ఆయవ్వ అంత గట్టిగా పట్టుకునింది. నువ్వే ఇడిపిస్తివి."

ప్రతాప్ అక్కడ నిలబడలేకపోయాడు. గేటు దగ్గరికి వచ్చాడు. ముత్యాలప్ప ఆటోలోంచి ఇంకొకామెను దించుతున్నాడు. ప్రతాప్‌ను చూసీ చూడనట్టు లోపలికి నడిపించుకుపోయాడు.

"అన్నా, ఆ పెద్దామె యాడ?" మార్కండేయను అడిగాడు ప్రతాప్.

"ఇంక రాదు. మీరొచ్చిన సాయంత్రమే కారెక్కించి, యాడికో ఆశ్రమానికి పంపించినారు."

"ఎవరు?"

"డాక్టరు సారే."

"ఏజెంటును ఆశ్రమానికి పంపేదేందన్నా?"

మార్కండేయ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఏజెంటు యాడప్పా... మా సారును కన్నతల్లి."